ఎవరూ ముట్టుకోని మిషన్

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా వీధి చివర ఒక చిన్న కంపెనీ ఉంది. అందులో పనిచేసే పిల్లలు అప్పుడప్పుడు శనివారం నన్ను పిలిచి, టీ ఇచ్చి, పాత సంగతులు చెప్పించుకుంటారు. రిటైరైన మనిషికి వినేవాళ్లు దొరకడమే పెద్ద విషయం కాబట్టి నేనూ బెట్టు చేయను. మొన్న అందులో కొత్తగా చేరిన ఒకమ్మాయి అడిగింది.

"మేడమ్, మీరు రెండు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా పనిచేశారు కదా. కంపెనీ తలుపులు వేసుకుని రాసుకునేది బాగుంటుందా, అందరూ చదివి దిద్దుకునే ఓపెన్ సోర్స్ బాగుంటుందా? ఒక్క ముక్కలో చెప్పండి."

"ఒక్క ముక్కలో చెప్పగలిగితే అన్నేళ్లు ఉద్యోగం ఎందుకు చేస్తాను తల్లీ?" అన్నాను. అందరూ నవ్వారు. మాట అక్కడితో దాటిపోయింది. ఇంటికొచ్చాక మాత్రం నా మీద నాకే చిరాకేసింది. ఆ పిల్ల నిజంగా తెలుసుకోవాలని అడిగింది, నేను చమత్కారం చేసి తప్పించుకున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, అప్రైజల్ గొడవలు, విదేశీ ప్రయాణాలు అన్నీ వదిలేస్తున్నాను. అవి ఎవరికైనా ఒకేలా ఉంటాయి. ఒక మిషన్ గురించి, ఒక బాసు గురించి, నర్సుగా పనిచేసిన మా చెల్లెలు నిర్మల గురించి రాస్తాను. సాఫ్ట్‌వేర్ నాణ్యత అంటే ఏమిటో నాకు తెలిసిందంతా ఈ మూడింటివల్లే తెలిసింది.

తలుపు వేసిన ఇల్లు

మాది తెనాలి దగ్గర ఊరు. నాన్న మిషనరీ స్కూల్లో లెక్కల మాస్టారు. నిర్మల నాకంటే చిన్నదే అయినా నర్సింగ్ చదివి ముందుగా బెంగళూరు వచ్చేసింది. తొంభైల మొదట్లో నేనూ వచ్చి ఒక విదేశీ కంపెనీలో చేరాను. ఆసుపత్రిలో మంచం పక్కన పెట్టే మానిటర్లు తయారుచేసే కంపెనీ అది. రోగి గుండె వేగం, ఒంట్లో ఆక్సిజన్ తెర మీద చూపించి, తేడా వస్తే అలారం మోగించే మిషన్లు.

ఆ మానిటర్ల కోసం కంపెనీ సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంది. మిషన్‌లో ఏ పని ముందు జరగాలి, ఏది ఆగాలి, ఎవరి వంతు ఎప్పుడు అని చూసుకునే పెత్తనమంతా దానిదే. దాని నడిమి భాగం ప్రధాన కార్యాలయంలో, సముద్రాల అవతల రాసేవారు. బెంగళూరులో మాకు అంచులు ఇచ్చారు. తెర, బటన్లు, అలారం మావి. నడిమి భాగం ఎలా రాశారో మేం చూడటానికి లేదు. దాన్ని మేం 'లోపలి గది' అనేవాళ్లం. దాంతో పని పడితే ప్రశ్న రాసి పంపాలి, జవాబు కోసం ఎదురుచూడాలి. వాళ్లకీ మా కోడ్ చదివే తీరిక లేదు. మా కోడ్ వాళ్ల దగ్గరికి మూట కట్టి వెళ్లేది, ఆ మూట అలాగే మిషన్‌లోకి ఎక్కేది.

చేరిన కొత్తలో నేను రాసిన మొదటి ఫైలు పైన నా పేరు రాసుకున్నాను. మునిరాజు సార్ ప్రింటు మీద దాన్ని పెన్సిల్‌తో కొట్టేశారు.

"పేరు వద్దమ్మా. కంపెనీ పేరు ఒకటి ఉండాది కదా, అదే చాలు."

"నేనే రాశాను కదా సార్?"

"నువ్వే రాసినావు. ఎవురు కాదన్నారు? నా పేరూ యాడా లేదు, చూడు."

మునిరాజు సార్ మా టెస్టింగ్ విభాగానికి పెద్ద. ఆయనది బెంగళూరు పక్కన ఆనేకల్‌లో నేత కుటుంబం. ముత్తాతల కాలంలోనే ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు, ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. వాళ్ల నాన్న పట్టుచీరలు నేసేవారట. "కొనేటోళ్లు చీర ముందు పక్క చూస్తారు. మా నాయన తిప్పి చూస్తా ఉండె. తెగిన పోగులన్నీ వెనకపక్కే కదమ్మా ఉండేది" అనేవారు. మా కోడ్‌నీ ఆయన అలాగే చూసేవారు. ప్రింటు తీసుకుని ఆయన ఎదురుగా కూర్చుని ప్రతి వరుసా పైకి చదవాలి, ఎందుకు రాశామో చెప్పాలి. 'అది అంతే సార్' అన్నామా, పెన్సిల్ బల్ల మీద పెట్టేసి కిటికీలోంచి బయటికి చూసేవారు. ఆ కిటికీ వైపు చూపు తిట్టుకంటే ఎక్కువ పనిచేసేది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, తలుపులు మూసిన ఇంట్లో అంతా చెత్తే ఉంటుందని ఇప్పటి పిల్లలు అనుకుంటున్నారు. అది అన్యాయం. నేను చూసిన మంచి కోడ్‌లో చాలాభాగం ఆ ఇంట్లోనే చూశాను. ఆయన సరేననకుండా ఒక్క వరుస కూడా ఆఫీసు గుమ్మం దాటేది కాదు. అమ్మకాల వాళ్లు వచ్చి తొందరపెడితే "మీ ఇంట్లోవాళ్లకు పెడతారా ఈ మిషను?" అని ఒక్క ప్రశ్న అడిగేవారు. వాళ్లు నోరు మూసుకుని వెళ్లిపోయేవారు.

టెస్టింగ్ హాల్లో వరసగా మానిటర్లు ఉండేవి. ఆయన పెట్టిన నియమం ఒకటుంది, మిషన్ ఊరికే ఉండకూడదు. ఎవరో ఒకరు ఏదో ఒక బటన్ నొక్కుతూనే ఉండాలి. కుర్రాళ్లు ఎవరైనా చేతులు కట్టుకుని కూర్చుంటే "ఏమప్పా, మిషను సుమ్నే ఉండాది, నువ్వూ సుమ్నే ఉండావు!" అని వెనకనుంచి గొంతు వినిపించేది. ఈ నియమం మాకు ఎంతో గొప్పగా ఉండేది. కొత్తవాళ్లకు మొదటిరోజే చెప్పేవాళ్లం. ఈ కథంతా ఆ నియమంలోనే ఉందని మాకప్పుడు తెలియదు.

అలిగే మానిటర్

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేనూ నిర్మలా కలిసి వండుకునేవాళ్లం. తను ఒక పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. వారమంతా మోసిన కబుర్లు ఉల్లిపాయలు తరుగుతూ దించేది.

"కొత్త మానిటర్లు వచ్చినాయే మాకు, వాటికి పలకరింపు కావాలక్కా. ఎవరూ పట్టించుకోపోతే అలుగుతాయి" అంది ఒకరోజు.

"అలగడమేంటే?"

"తెర మీద అంకె అట్టాగే నిలబడిపోద్ది. బటన్ ఏదన్నా నొక్కితే మళ్లీ లేస్తది. అందుకే అటు పోయినప్పుడల్లా ఒకసారి తట్టి పోతాం. కొత్తగా వచ్చిన పిల్లలకి ముందు అదే నేర్పుతాం."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఏ కంపెనీవి అని అడిగాను. మావే.

మర్నాడు మునిరాజు సార్‌కి చెప్పాను. ఆయన నమ్మలేదు. "మన హాల్లో ఒక్కతూరి కూడా రాలేదే అట్లా. వైరు లూజుగా ఉంటుందమ్మా, చూసుకోమను" అన్నారు. ఆయన మాట కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. నిర్మల చెప్పింది వంటింటి కబురు, ఆయన చెప్పింది హాలు మొత్తం చూసిన మాట.

అది జరిగిన కొద్దిరోజులకే అనుకోనిది జరిగింది. మధ్యాహ్నం వేళ, ఆపరేషనై నిద్రపోతున్న ఒక రోగికీ, పక్కన పరిస్థితి బాగాలేని ఇంకో రోగికీ నిర్మల ఒక్కతే ఉంది. ఆ రెండో ఆయన దగ్గర చేతులు ఖాళీ లేకుండా ఉండగా మొదటి ఆయనకు ఆక్సిజన్ పడిపోయింది. తెర మీద మాత్రం మంచి అంకే నిలబడి ఉంది. అలారం మోగలేదు. రౌండ్‌కి వచ్చిన డాక్టరు రోగి పెదాలు నీలంగా ఉండటం చూసి గబగబా చేయాల్సింది చేశాడు. దేవుడి దయవల్ల ఆ మనిషి బతికాడు.

మా కంపెనీ సర్వీసు మనిషి వెళ్లి, మిషన్‌ని తిరగేసి, బటన్లన్నీ నొక్కి చూసి, లోపమేమీ లేదని చెప్పి వచ్చాడు. లోపం మిషన్‌ది కాకపోతే ఇక ఎవరిది? నిర్మలకు నిర్లక్ష్యం అని మెమో ఇచ్చారు. ఐసీయూ నుంచి తీసేసి, ఓపీలో ఇంజెక్షన్లు వేసే గదిలో కూర్చోబెట్టారు. నర్సుల మీద పెద్దయిన మేట్రన్‌కి అంతా చెప్పిందట, అంకె ఆగిపోయిందని, అందరికీ తెలుసని. తోటి నర్సులెవరూ నోరు విప్పలేదు. మిషన్‌ని తట్టడం ఎవరూ రాసి పెట్టిన పద్ధతి కాదు కదా, ఒప్పుకుంటే అదొక తప్పవుతుందని వాళ్ల భయం.

"నేను అబద్ధం చెప్పానంటున్నారక్కా" అని ఫోన్లో ఏడ్చింది. నిర్మల ఏడవడం నేను చిన్నప్పుడు తప్ప వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

చేతులు తీయండప్పా

మర్నాడు మునిరాజు సార్ గదికి వెళ్లి అరిచాను. అరిచాననే రాయాలి, మాట్లాడానంటే అబద్ధం. మీ హాల్లో రాలేదు సరే, మా చెల్లెలి ఉద్యోగం మీదికి వచ్చింది అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"కూర్చో కరుణమ్మా. ఆయమ్మ ఏం చెప్పిందో ఉన్నది ఉన్నట్ల చెప్పు. నీ మాటల్లో వద్దు, ఆయమ్మ మాటల్లోనే చెప్పు."

"ఎవరూ పట్టించుకోకపోతే అలుగుతుంది అంది సార్."

ఆయన పెన్సిల్ బల్ల మీద పెట్టారు. ఈసారి కిటికీవైపు చూడలేదు. లేచి నేరుగా హాల్లోకి నడిచారు. నేనూ వెనకే వెళ్లాను.

"అందరూ చేతులు తీయండప్పా! క్యాంటీనుకు పోండి. నేను పిలిచేదాకా ఎవురూ రాకూడదు."

కుర్రాళ్లు బిత్తరపోయారు. ఎన్నడూ ఖాళీగా ఉండనివ్వని మనిషి హాలు మొత్తం ఖాళీ చేయించాడు. మేమిద్దరం బయట వరండాలో నిలబడ్డాం. మానిటర్లకు నకిలీ గుండె వేగం పంపే పెట్టెలు నడుస్తూనే ఉన్నాయి. చాలాసేపటికి లోపలికి వెళ్లి ఒక్కొక్క తెరా చూసుకుంటూ పోయాం. మూల బల్ల మీద ఒక మిషన్ ఆగిపోయి ఉంది. పెట్టె పంపే అంకె మారుతోంది, తెర మీది అంకె మారడం లేదు. సార్ వేలితో బటన్ తట్టారు. అంకె గభాలున మారి అలారం మోగింది.

ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తే. "ఇన్ని సంవత్సరాలు నేనే దీన్ని మేలుకొలుపుతా ఉండానమ్మా" అన్నారు.

ప్రధాన కార్యాలయానికి రాశాం. 'మా దగ్గర కనిపించలేదు' అని జవాబు వచ్చింది. మళ్లీ రాశాం. బటన్ల కోడ్ మీదే కదా, అక్కడే చూసుకోండన్నారు. తప్పు లోపలి గదిలో ఉందని మేం, అంచుల్లో ఉందని వాళ్లు. రెండూ కలిపి చూడగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడూ లేడు. ఆ ఏర్పాటు చేసింది తెలివి తక్కువ వాళ్లు కాదు. లోపలి గది రాసినవాళ్లు చాలా గట్టివాళ్లు. వాళ్లకు మా గది కనిపించదు, అంతే.

చివరికి మాకు చేతనైన పని మేం చేశాం. నర్సులు తట్టినట్టే మిషన్ తనను తాను తట్టుకునేట్టు మేం నాలుగు వరుసలు రాశాం. మధ్యమధ్య ఎవరో బటన్ నొక్కినట్టు నటిస్తుంది, అంతే. పైన 'తాత్కాలికం' అని రాశాం. సాఫ్ట్‌వేర్‌లో తాత్కాలికం అని రాసినదానికి చావు ఉండదని మీరే తెలుసుకుంటారు. కొత్త వెర్షన్ అన్ని ఆసుపత్రులకూ వెళ్లింది. అందులో ఏం మారిందో చెప్పే చోట 'పనితీరు మెరుగుపరిచాం' అని ఒక్క ముక్క ఉంది. మిషన్‌లో లోపం ఉండేదని ఆసుపత్రికి చెప్పనివ్వమని మునిరాజు సార్ అడిగారు. గట్టిగానే అడిగారు. లాయర్లు కుదరదన్నారు. బయట నోరు విప్పితే ఉద్యోగం పోవడమే కాదు, కోర్టుకు లాగుతామని కూడా చెప్పారు.

రోగులకు ప్రమాదం తప్పింది. మెమో మాత్రం అలాగే ఉంది.

వర్తూరులో కాఫీ

నిర్మల అప్పటికే పెళ్లై బెంగళూరు అంచున వర్తూరులో కాపురముంది. అప్పట్లో అది ఊరే. చెరువు గట్టు మీద గాలి, గేదెలు, బస్సు దిగితే నడక. ఒక ఆదివారం మునిరాజు సార్ స్కూటర్ మీద అక్కడికి వచ్చారు. నేను రమ్మనలేదు. చిరునామా మాత్రం అడిగి తీసుకున్నారు.

కుర్చీలో ముందుకు జరిగి కూర్చుని, ఆమె ముఖం చూడకుండా చెప్పారు.

"తప్పు మా మిషనుది అమ్మా. నీది కాదు. నా కళ్లతో చూసినాను. బయట చెప్పేకి నాకు అధికారం లేదు. నీకు చెప్పకుండా ఉండేకి మనసు లేదు."

నిర్మల లేచి లోపలికి వెళ్లింది. కాఫీ కలిపి తెచ్చి ఇచ్చింది.

"తప్పు నాది కాదని నాకు తెలుసు సార్. తెలియాల్సింది మా మేట్రన్‌కి."

ఆయన కాఫీ సగమే తాగారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చేతులు జోడించారు. ఆ వయసు మనిషి, ఆ హోదా మనిషి అలా నిలబడితే నాకు సిగ్గేసింది. అంతకు ముందు ఆయన మీద అరిచినందుకు కాదు, అంత నిజాయితీ గల మనిషికి నిజం చెప్పే వీలు లేనందుకు.

కొద్దినెలలకు నిర్మల ఆ ఆసుపత్రి మానేసి వేరేచోట చేరింది. హాల్లో మునిరాజు సార్ మూల బల్ల మీద ఒక మానిటర్ విడిగా పెట్టించి, దాని మీద అట్టముక్క తగిలించారు. 'ముట్టుకోవద్దు' అని మూడు భాషల్లో రాయించారు. ప్రతి కొత్త వెర్షనూ ముందు ఆ బల్ల మీద ఒంటరిగా ఉండి గెలవాలి.

ఊరందరిదీ

రెండువేల తర్వాత కాలం మారింది. సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ని పోషించడం కంపెనీకి భారమైంది. లైనక్స్‌కి మారదామన్నారు. ఎవరైనా తీసుకోవచ్చు, చదవచ్చు, మార్చి అందరికీ పంపవచ్చు. దాచిన గదంటూ లేదు. నాకు పండగలా ఉంది. మునిరాజు సార్‌కి అలా లేదు.

"ఎవురో, యాడో, తీరిక ఉన్నప్పుడు రాసింది తెచ్చి మనిషి ప్రాణం మింద పెట్టేదా? అడిగితే జవాబు చెప్పేటోడు ఎవురు?"

"ఇప్పుడు మాత్రం ఎవరు చెప్పారు సార్?" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆయన భయంలో నిజముంది. మేం అందులో దిగాక నేనే చూశాను. చక్కటి భాగాలు చాలా చక్కగా ఉన్నాయి. ఎవరికీ ఆసక్తి లేని మూలలు దుమ్ము పట్టి ఉన్నాయి. అందరూ చూడవచ్చు కాబట్టి ఎవరో చూసే ఉంటారని అందరూ అనుకున్న ఫైళ్లున్నాయి. ఎలా వాడాలో రాసిపెట్టిన పాపాన ఎవరూ పోలేదు. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరో లోపలికి వచ్చి ఊడుస్తారని కాదు. మునిరాజు సార్ పద్ధతిలో పైకి చదివించే మనిషి అక్కడా కావాలి.

మారే పనిలో పాత కోడ్‌లోంచి అవసరమైనవి తెచ్చుకున్నాం. ఆ నాలుగు తాత్కాలిక వరుసలు ఎందుకున్నాయో కొత్త కుర్రాళ్లకు అర్థం కాలేదు, వదిలేశారు. వాళ్లను అనడానికి లేదు. కారణం ఎక్కడా రాయనివ్వలేదు కదా. కొత్త మానిటర్ తయారైంది, పరీక్షలన్నీ నెగ్గింది. చివరికి మూల బల్ల మీదికి వచ్చింది. అంకె ఆగిపోయింది.

అదే జబ్బు! వేరే ఆపరేటింగ్ సిస్టమ్, వేరే మనుషులు రాసింది. ఇన్నేళ్లూ లోపలి గది వాళ్లను తిట్టుకున్న నేను కుర్చీలో కూలబడ్డాను. సార్ మాత్రం ఎప్పుడూ లేనంత హుషారుగా అట్టముక్క సరిచేశారు. "దొరికినావు మగడా" అన్నారు మిషన్‌తో.

అందరి ముందూ

మేం ముందు చేసింది అలవాటైన పనే. ఆ నాలుగు వరుసలూ మళ్లీ రాసి, లైనక్స్ రాసేవాళ్లందరూ చదివే చోటికి పంపాం. కోడ్ పంపితే రాసినవాళ్ల పేరు ఉండాలన్నారు. మునిరాజు సార్ చాలాసేపు ఆలోచించి, జవాబుదారీ తనదేనని తన పేరు పెట్టారు.

మర్నాడు జవాబు వచ్చింది. ఆ భాగం చూసుకునేవాడు ఎవరో విదేశీ కుర్రాడు. ఇది మందు కాదు, జబ్బు కనబడకుండా కప్పిన దుప్పటి అన్నాడు. మిషన్ ఎందుకు నిద్రపోతోందో తెలుసుకోకుండా మాటిమాటికీ తట్టి లేపడమేమిటి, ఇలాంటిది మళ్లీ పంపవద్దు అన్నాడు. లోకమంతా చదివే చోట, ఇన్నేళ్లూ మా అందరి కోడ్ దిద్దిన మనిషిని అలా అన్నాడు.

నాకది అవమానంగా తోచింది. గట్టిగా జవాబు రాస్తానన్నాను. ఆయన వద్దన్నారు. ఆ రోజు భోజనానికి కూడా రాలేదు. సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చారు.

"నా కొడుకు వయసు ఉంటుందేమో వానికి. మర్యాద స్వల్ప తక్కువే ఉండాది. చెప్పింది మాత్రం నిజమే ఉండాది కదమ్మా?"

"నిజమే సార్."

"చీర తిప్పి చూసినాడు. రా, మనమూ చూద్దాం."

ఈ ఒక్క సాయంత్రం కోసం నేను ఆయన్ని జన్మంతా గౌరవిస్తాను. తలుపు వేసిన ఇంట్లో కోడ్ విషయంలో ఆయనకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. అందరి ముందూ దెబ్బ తిన్నాక కూడా దెబ్బ ఎవరిదని కాక, మాట సరైనదా కాదా అని చూడగలిగారు. ఆ వయసులో అది నేర్చుకోవడం ఎంత కష్టమో నాకిప్పుడు తెలుస్తోంది.

ఈసారి అడుగుదాకా దిగాం. ఆపే తలుపు లేదు. ఒక కొలతకూ ఇంకో కొలతకూ మధ్య చేయడానికేమీ లేనప్పుడు ప్రాసెసర్ కరెంటు పొదుపు కోసం కునుకు తీస్తుంది. గడియారం చిప్ దాన్ని తట్టి లేపాలి. మా బోర్డు మీద ఉన్న చిప్ ఎప్పుడో ఒకసారి లేపడం మరిచిపోతుంది. ఎవరైనా బటన్ నొక్కితే ప్రాసెసర్ వేరే దారిలో మేలుకుంటుంది. పాత మానిటర్లలోనూ ఉన్నది ఆ చిప్పే. మా కోడ్‌దీ కాదు, లోపలి గదిదీ కాదు తప్పు. మేం చూసింది రాసి పెట్టగానే, మంచు ప్రాంతంలో వాతావరణ పరికరాలు నడిపే ఒకతను, నా దగ్గరా ఇదే చిప్, ఇలాగే ఆగిపోతోంది, నా బోర్డు పాడైందనుకున్నాను అని రాశాడు. అతని దగ్గర కొలతలు, మా దగ్గర కొలతలు కలిపితే కారణం ఖాయమైంది. చిప్ మరిచిపోయినా నిద్ర లేచేలా సరైన మార్పు రాశాం. మమ్మల్ని తిట్టిన కుర్రాడే రెండు చోట్ల దిద్ది, బాగుందని తీసుకున్నాడు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అమ్మాయీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. రెండు ఇళ్లలోనూ గట్టివాళ్లున్నారు, బద్ధకస్తులున్నారు, రెండింటికీ ఒకే జబ్బు వచ్చింది. మొదటి ఇంట్లో జబ్బు చూసినవాళ్లకు చెప్పే హక్కు లేదు. రెండో ఇంట్లో మొహమాటం లేకుండా చెప్తారు, చెప్పించుకుంటారు. నువ్వు ఏ ఇంట్లో చేరినా, తప్పు చూసినవాళ్ల మాట అక్కడ ఎంత దూరం వెళ్తుందో ముందు కనుక్కో.

పేరు

అక్కడ ఒక ఆచారముంది. మార్పు తీసుకునేటప్పుడు కింద పేర్లు ఉంటాయి. రాసినవాళ్లవి, దిద్దినవాళ్లవి. వాటితోపాటు తప్పును చూసి చెప్పినవాళ్ల పేరు కూడా వేస్తారు. దీన్ని మొదట ఎవరు చూశారని ఆ కుర్రాడు అడిగాడు. మా హాల్లో మిషన్ చూసుకునే కుర్రాడి పేరు వేస్తారనుకున్నాను. మునిరాజు సార్ నన్ను లేపి నా కుర్చీలో కూర్చుని, రెండు వేళ్లతో ఒక్కొక్క అక్షరమే కొట్టారు. తప్పును మొదట చూసి చెప్పినవారు, నిర్మల, ఐసీయూ నర్సు, బెంగళూరు.

"సార్, కంపెనీవాళ్లు..."

"కంపెనీ పేరు కూడా ఉండాదిలే, కింద" అన్నారు.

నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చాను.

ఆ పేజీ ప్రింటు తీసి నిర్మలకు ఇచ్చాను. ఇంగ్లీషులో ఉన్న ఆ సాంకేతికమంతా వదిలేసి తన పేరు దగ్గర ఆగింది. మడతపెట్టి సంచిలో పెట్టుకుని, "మేట్రనమ్మ ఇప్పుడు ఎక్కడుంటున్నారో కనుక్కో అక్కా" అంది.

మేట్రనమ్మది నెల్లూరు. రిటైరై బెంగళూరులోనే కూతురి దగ్గర ఉంటున్నారు. మమ్మల్ని చూసి సంతోషించారు, టీ పెట్టించారు. నిర్మల కాగితం ఇచ్చి, ఆ రోజు ఏం జరిగిందో, మిషన్‌లో ఏముందో నెమ్మదిగా చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. ఆవిడ కళ్లజోడు తెప్పించుకుని చదివారు. చదివి, కాగితం ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆ రోజు నువ్వు చెప్పింది నేను నమ్మానమ్మా. అంతకు ముందు నేనూ ఆ తెరలు తట్టినదాన్నే కదా. మిషన్ బాగుందని కంపెనీవాళ్లు చెప్పారు, మెమో మీద సంతకం పెట్టమని పైవాళ్లు చెప్పారు. పెట్టాను."

నిర్మల తలూపింది. టీ పూర్తిగా తాగింది, ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది, ఏ నూనె రాయాలో చెప్పింది. లేచేటప్పుడు ఆవిడ కాగితం తిరిగి ఇవ్వబోతే, మీ దగ్గరే ఉంచుకోండమ్మా అంది.

ఆటోలో బయల్దేరాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నిర్మల నావైపు తిరిగింది.

"నమ్మిందంట అక్కా. ఆ మాట అప్పుడే ఒక్కసారి పైకి అనుంటే, ఆ కాయితం రాయడానికి మీకు ఇన్నేళ్లు పట్టేదా?"